నెల్లూరి వరిమడియు, బ్రెజిల్ పచ్చికబయలును

నెల్లూరు పేరు నేడు రెండు ఖండములలో వాడుకలో నున్నది. మన దేశములో ఆ పేరు చెప్పినంతనే వరి జ్ఞప్తికి వచ్చును. దక్షిణ అమెరికాలోని బ్రెజిల్ దేశములో "నెలోరె" యనగా తెల్లని మేనును, ఎత్తైన మూపురమును గల పశువు. 1868లో ఇంగ్లండునకు పోవుచున్న ఓడ యొకటి బ్రెజిల్‌లోని సాల్వడారు రేవున నిలిచినపుడు, అందున్న ఒంగోలు జాతి పశువుల జంట అచట అమ్ముడుపోయెనని ఆ దేశపు పశుపోషకులు చెప్పుకొందురు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడువరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిదే. కావున ఒంగోలు పశువు నెల్లూరు పేరుతో సముద్రము దాటెను. తరువాత 1930లోను, 1960 ప్రాంతమునను మన కోడెలు మరికొన్ని అచటికి పోయెను. ఒంగోలు చెంతనున్న కరవది గ్రామము పేరుగల ఆబోతు ఒకటి అచట అనేక మందలకు మూలపురుషుడాయెను. నేడు బ్రెజిల్‌లో పశువులు 23 కోట్లకు పైగా నున్నవి. మనుష్యుల సంఖ్యయో 21 కోట్లు. ఆ మందలలో అత్యధికభాగము మూపురపు జాతి సంతతి. అందును నెల్లూరు రక్తమే ప్రధానము.

ఇట్లు నెల్లూరి వరిమడియు, నెల్లూరు పేరు మోయుచున్న ఆ పశువును ఇపుడు ఒకే నేరము క్రింద ప్రపంచ సభలలో పేర్కొనబడుచున్నవి. ఆ నేరము మీథేను అను వాయువును ఆకాశములోనికి వదలుట. భారతదేశము, బ్రెజిల్ రెండును ఈ విషయములో పెద్ద దోషులని పట్టికలు చూపుచున్నవి. ఆ పట్టికలలోని అంకెలను ఎట్లు చదువవలెనో, చదివిన పిమ్మట మనము చేయదగినదేమో విచారించుట ఈ వ్యాసము ఉద్దేశము.

మీథేను క్రొత్తగా పుట్టినది కాదు. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు వోల్టా 1776లో మజ్జోరె సరస్సు అడుగు బురదను కదల్చి, పైకి వచ్చిన బుడగలను పట్టి, అది మండుటను చూచెను. నీరు నిలిచి గాలి సోకని బురదలో గడ్డి, వేళ్లు మురుగునపుడు ఒకజాతి సూక్ష్మజీవులు ఈ వాయువును పుట్టించును. వరిమడిలో అది చాలభాగము పైరు కాడలోని సన్నని దారుల గుండనే పైకి వచ్చును. నెమరువేయు పశువు మొదటి పొట్టలోను అట్టి సూక్ష్మజీవులే యున్నవి. గడ్డిని అరిగించుటలో పుట్టిన వాయువును పశువు త్రేన్పుగా వెలిబుచ్చును. పేడవలన వచ్చు దానికంటె నోటివెంట వచ్చునదే మిక్కుటము.

బరువునకు బరువు చూచినచో నూరేండ్ల కాలములో ఇది బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లును, ఇరువదియేండ్లలో సుమారు 80 రెట్లును వేడిని పట్టియుంచును. కాని దాని ఆయువు పండ్రెండేండ్ల ప్రాంతము మాత్రమే. బొగ్గుపులుసు వాయువో శతాబ్దములు నిలుచును. అనగా మీథేనును తగ్గించినచో దాని ఫలము మన కండ్లయెదుటనే కనబడును. అందువలననే 2021లో గ్లాస్గో నగరమున, 2030 నాటికి ప్రపంచపు మీథేనును 2020 మట్టమునుండి నూటికి 30 వంతులు తగ్గింతుమని అనేక రాజ్యములు ప్రతిన పూనినవి. బ్రెజిల్ ఆ ప్రతినలో చేరినది. భారతదేశము చేరలేదు. చేరనందుకు మనము కొన్ని సభలలో నిందకు గురియైతిమి.

ఇక అంకెలను చూతము. 2016వ సంవత్సరమునకు మన ప్రభుత్వము ఐక్యరాజ్య సమితికి సమర్పించిన లెక్క ప్రకారము మన దేశపు మీథేను ఏటికి రెండు కోట్ల టన్నులకు కొంచెము తక్కువ. అందు నూటికి 74 పాళ్లు వ్యవసాయమునకు, పశువులకు సంబంధించినది. బ్రెజిల్ విషయమున అచటి స్వచ్ఛంద సంఘముల కూటమియైన క్లైమేట్ అబ్జర్వేటరీ 2023వ సంవత్సరమునకు కట్టిన లెక్కలోను రెండు కోట్ల టన్నులకు కొంచెము పైగా తేలినది. అందును ముప్పాతికవంతు వ్యవసాయ, పశుపోషణలదే. సంవత్సరములు వేరైనను చిత్రము ఒక్కటే. త్రాసులో వేసినచో రెండు దేశములును ఇంచుమించు సమముగా తూగుచున్నవి.

ఇచటనే చదువరి మోసపోవును. మన రెండు కోట్ల టన్నుల వెనుక 130 కోట్లకు మించిన జనమున్నది. వారి రెండు కోట్ల వెనుక 21 కోట్ల జనమున్నది. తలకొక్కింటికి లెక్కించినచో మన వంతు ఏటికి సుమారు 15 కిలోలు, వారి వంతు నూరు కిలోలకు దగ్గర. ఆరేడు రెట్ల భేదము గలవారిని ఒకే వరుసలో నిలువబెట్టుట లెక్క కావచ్చును గాని న్యాయము కాజాలదు.

తూకమును విడిచి వస్తువును పరిశీలించినచో భేదము ఇంకను స్పష్టమగును. 2019 పశుగణనము ప్రకారము మనకు గోజాతి పశువులు 19 కోట్లకు పైగాను, గేదెజాతి 11 కోట్ల ప్రాంతమునను గలవు. ఇవి చాలవరకు రెండు మూడు పశువులు గల ఇండ్లలో, వరిగడ్డి, తవుడు, గట్టున కోసిన పచ్చిక తిని బ్రదుకుచున్నవి. మనిషి తినజాలని దానిని తిని మనిషికి పాలిచ్చుచున్నవి. 2023–24లో మన పాల ఉత్పత్తి దాదాపు 24 కోట్ల టన్నులు. ప్రపంచములో అగ్రస్థానము మనదే. మన వ్యవసాయపు లెక్కలో సగమునకు పైగా ఈ పశువుల నెమరుదే. వరిమళ్లది నూటికి 17, 18 పాళ్లు మాత్రమే. ఆ మళ్లను సాగుచేయువారో, 2015–16 వ్యవసాయ గణనము ప్రకారము నూటికి 86 మంది ఐదెకరములలోపు కమతము గలవారు. సగటు కమతము రెండున్నర ఎకరములకు కొంచెము పైన. బ్రెజిల్‌లో వరి సాగు సుమారు 40 లక్షల ఎకరములు. మన దేశములో 11 కోట్ల ఎకరములు. వారి మీథేను ముఖ్యముగా మాంసము కొరకు విశాలమైన పచ్చికబయళ్లలో మేయు మందలది. గోమాంసమును ఎగుమతి చేయుటలో ఆ దేశము ప్రపంచమున ప్రథమస్థానము నందియున్నది.

భూమి వినియోగమునకు వచ్చునప్పటికి తారతమ్యము పరాకాష్ఠ నందును. బ్రెజిల్ వెలువరించు వేడివాయువులలో 2022లో ఇంచుమించు సగము, అడవులను నరికి, కాల్చి, భూమిని మార్చుటవలన వచ్చినది. నరికిన నేల అత్యధికభాగము పశువుల మేతబీడగుచున్నది. అచటి అంతరిక్ష పరిశోధన సంస్థ కొలతల ప్రకారము 2021వ సంవత్సరపు లెక్కలో ఒక్క అమెజాను అడవిలోనే 13,038 చదరపు కిలోమీటర్లు నరుకబడెను. విభజనకు పూర్వపు నెల్లూరు జిల్లా వైశాల్యము 13,076 చదరపు కిలోమీటర్లు. అనగా తడనుండి కావలి వరకు, ఉదయగిరి కొండలనుండి సముద్రము వరకు గల జిల్లా యంతయు ఒక్క ఏడాదిలో బోడియైనట్లు. మన దేశములో నేలయు, అడవియు కలిసి 2020లో 52 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును లోనికి తీసికొన్నవని ప్రభుత్వపు లెక్క. ఒకరికి భూమి అప్పుగాను, మరియొకరికి ఆస్తిగాను పద్దులో కనబడుచున్నది.

అయినను బ్రెజిల్‌ను దూషించుట మా అభిమతము కాదు. అదియు పరపాలనలో నలిగి, తన చెరకును, కాఫీని పరుల బల్లలకు పంపుచు పెరిగిన దేశమే. నేడు దాని మాంసమును అధికముగా కొనుచున్నది చైనా. 2004లో 27,000 చదరపు కిలోమీటర్లకు మించిన అడవి నరకును ఆ దేశము 2012 నాటికి 4,600 లోపునకు దించెను. తరువాత పాలకుల ఉపేక్షవలన అది మరల హెచ్చెను. 2024లో 6,300 లోపునకు వచ్చెను. ప్రభుత్వమునకు సంకల్పమున్నచో ఏమి చేయగలదో, లేనిచో ఏమగునో రెండింటికిని బ్రెజిలే దృష్టాంతము. మన తీరమున గడచిన మూడు దశాబ్దములలో మాగాణులు, మేతపోరంబోకులు రొయ్యల గుంటలుగా మారుచుండగా మనము చూపిన శ్రద్ధ యెంతయని ప్రశ్నించుకొన్న పిదపనే పరులకు బుద్ధి చెప్పుట యుక్తము.

ఈ లెక్కల తగవు మనకు క్రొత్త కాదు. 1990 ప్రాంతమున అమెరికా పర్యావరణ శాఖ, భారతదేశపు వరిమళ్లనుండి ఏటికి దాదాపు 3.8 కోట్ల టన్నుల మీథేను వెలువడుచున్నదని చాటెను. అన్యదేశముల పొలములలో కొలిచినదానిని మన ఎకరములతో హెచ్చవేసి కట్టిన అంచనా యది. ఆచార్య ఎ. పి. మిత్ర ప్రభృతులైన మన శాస్త్రజ్ఞులు, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఆధ్వర్యమున 1991లో దేశపు నలుమూలల మళ్లలోనికి దిగి కొలిచిరి. తేలినది సుమారు 40 లక్షల టన్నులు, చాటినదానిలో తొమ్మిదవవంతు. ఆ యేడే అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ అను వారు, ప్రాణము నిలుపుకొనుటకు పేదవాడు వదలు వాయువును, భోగమునకు ధనికుడు వదలు వాయువును ఒకే పద్దులో వ్రాయరాదని గట్టిగా వాదించిరి. మన ప్రభుత్వము గ్లాస్గో ప్రతినలో చేరకపోవుటకు చూపిన కారణములలో ఈ భేదమే ముఖ్యము.

తగవు నేటికిని సమసిపోలేదు. కొన్ని అంతర్జాతీయ పట్టికలలో మన మీథేను మూడు కోట్ల టన్నులుగా కనబడుచున్నది. కాని 2017లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయమునకు చెందిన అనితా గణేశన్, ఆమె సహచరులు, ఉపగ్రహములు, విమానములు, నేలమీది యంత్రములు పట్టిన గాలిని పరీక్షించి, 2010నుండి 2015వరకు అది ఏటికి సుమారు 2.2 కోట్ల టన్నులని ప్రకటించిరి. ఇది మన ప్రభుత్వపు లెక్కకు చేరువ. రెండు పర్యాయములు మన పక్షమును నిలిపినది ఉపన్యాసము గాదు, కొలత. కొలిచినవాని మాటయే సభలో చెల్లును.

అయితే మన పక్షము న్యాయమైనదని నిశ్చింతగా కూర్చుండవచ్చునా? కూర్చుండరాదని మా దృఢమైన అభిప్రాయము. పరులు మన మడిని వేలెత్తి చూపుట వేరు, మన మడిని మనము చూచుకొనుట వేరు. సముద్రమట్టము పెరిగినచో ఉప్పునీరు ముందుగా ఎక్కునది కోడూరు, మైపాడు తీరపు బావులలోనికే. తుపాను బలిసినచో పండిన పైరు ఒరుగునది పెన్నా మాగాణులలోనే. నేరము చిన్నదైనను శిక్షలో మన వంతు చిన్నది కాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది నీరు. వరిమడిలో మీథేనును తగ్గించు మార్గమును, నీటిని మిగుల్చు మార్గమును ఒక్కటియే. మడిలో నిరంతరము నీరు నిలుపక, ఆరుతడులుగా కట్టుట ఆ మార్గము. నాటిన తరువాత రెండువారములు నీరు నిలుపవలెను. పిమ్మట మడిలో పాతిన రంధ్రములు గల గొట్టములో నీటిమట్టము నేలకు జానెడు లోతునకు దిగువరకు ఆగి, మరల కట్టవలెను. ఈనిక సమయమున మాత్రము నీరు తీయరాదు. నేలకు గాలి సోకినపుడు మీథేను పుట్టించు జీవుల పని నిలిచిపోవును. పలుమారు ఆరబెట్టిన మళ్లలో ఆ వాయువు నూటికి 30 మొదలు 50 పాళ్లు తగ్గుచున్నట్లు అనేక దేశముల అనుభవము. నీరును నూటికి 30 పాళ్ల వరకు మిగులును, దిగుబడి చెడదు. నేల ఆరినపుడు నైట్రస్ ఆక్సైడు అను మరియొక వేడివాయువు కొంత హెచ్చును గాని, ఎరువును మితముగా దఫదఫాలుగా వేసినచో మొత్తముమీద లాభమే మిగులును.

పెన్నా డెల్టా ఆయకట్టు దాదాపు రెండున్నర లక్షల ఎకరములు. 78 టి.ఎం.సి.ల సోమశిల దానికి ఆధారము. 2022లో సంగము వద్దను, నెల్లూరు వద్దను క్రొత్త బరాజులు ప్రారంభమైనవి. అయినను కాలువ తలదగ్గరి మడి పొంగిపొరలుచుండగా శివారు మడి నెర్రెలు విచ్చుట మన జిల్లా రైతు ఎరుగని దృశ్యము కాదు. తలదగ్గర మిగిలిన ప్రతి తడియు శివారునకు చేరినచో, ఆకాశమునకు మేలు జరుగునో లేదో యను శంక గలవాడును ఆరుతడిని కాదనడు.

మరి రైతు ఏల చేయడు? అజ్ఞానమువలన అని పట్టణవాసులు తేలికగా అందురు. అది నిజము కాదు. నేడు వదలిన నీరు మరల ఏనాడు వచ్చునో తెలియనివాడు, వచ్చినపుడే మడి నింపుకొనును. ఇది అజ్ఞానము కాదు, దూరదృష్టి. రెండవది, ఈశాన్య ఋతుపవనము కురియు కార్తీక మార్గశిరములలో పల్లపు మడిని ఆరబెట్టుట ఎవరి చేతిలోను లేదు. మూడవది, నీరు తీసినచో కలుపు పెరిగి కూలి ఖర్చు హెచ్చును. నాలుగవది, నీరు మిగిల్చినవానికి ఒక్క రూపాయియైన మిగులదు. ఈ నాలుగు చిక్కులకును సమాధానము చెప్పక రైతునకు ఉపదేశము చేయుట వృథా.

కాలానుగుణముగా చూచినచో మార్గము లేకపోలేదు. వానలు వెనుకబట్టిన పుష్య మాఘములలోను, కాలువ నీటిపైననే ఆధారపడిన ఎడగారు పంటలోను ఆరుతడి సాధ్యము. అందుకు మొదట కావలసినది వంతులవారీ నీరు, ఆ వంతు తప్పదను నమ్మకము. 1997 చట్టము క్రింద మన రాష్ట్రములో నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. వాటికి తూముల తాళములును, కొలత కఱ్ఱలును నిజముగా అప్పగింపవలెను. 1937లో స్థాపితమై, నెల్లూరు మసూరి మొదలగు వంగడములను దేశమున కిచ్చిన నెల్లూరు పరిశోధన కేంద్రము ఇచటనే యున్నది. పూర్వపు మొలగొలుకుల వంటి దీర్ఘకాలపు వరి నీటిలో ఎక్కువ దినములు నిలిచెడిది. తక్కువ కాలపు వంగడము ఆ మేరకు వాయువును తగ్గించును. ఏ వంగడము, ఏ నేలలో, ఏ పంటకాలమున ఎంత వదలునో మన మళ్లలోనే కొలిచి తేల్చు పని ఆ కేంద్రమున కప్పగింపవలెను.

పశువుల విషయమునను ఇట్లే. పాడి లేని పశువును మోడు గడ్డితో మేపుటకంటె, పచ్చిమేత, తెలగపిండి కలిపి పాలు హెచ్చించినచో శేరు పాలకు వెలువడు వాయువు తగ్గును. వాయువును తగ్గించు మేతపొడిని భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన సంస్థ తయారుచేసినది. ఇట్టివి పట్నపు ప్రదర్శనములలో నిలిచిపోక పల్లెలోని పాలకేంద్రమునకు చేరవలెను. మన ఒంగోలు జాతికి బ్రెజిల్ 1938లోనే వంశావళి పుస్తకము తెరచి, ఆవు వెంట ఆవును వ్రాసి పెంచెను. 2023లో ఆ జాతి ఆవు ఒకటి లక్షల డాలర్ల వెలకు ప్రపంచ ప్రసిద్ధి గాంచెను. పుట్టింట మాత్రము చదలవాడ, లాం క్షేత్రముల వెలుపల మేలుజాతి నానాట సన్నగిల్లుచున్నది. వారి అడవి నరకును అనుకరింపవద్దు. వారి పద్దు వ్రాతను అనుకరింతము.

కడపట ఒక హెచ్చరిక. వాయువును తగ్గించినందుకు డబ్బిత్తుమని కార్బన్ పద్దుల వ్యాపారులు పల్లెలకు వచ్చుచున్నారు. ధనిక దేశముల కంపెనీలు తమ పొగకు బదులుగా మన మడిలోని తగ్గుదలను కొనును. ఇది కేవలము చెడ్డదని మేమనము. కాని కొలత లేని అమ్మకము నిలువదు. చైనాలో ఇట్టి వరి పథకములు 37 సరిగా లేవని వెర్రా అను సంస్థయే 2024లో త్రోసిపుచ్చెను. ఒప్పందము తెలుగులో నుండవలెను. ఎన్ని ఏండ్లకో, ఎకరమునకు ఎంతయో, వ్యాపారి వాటా ఎంతయో స్పష్టముగా నుండవలెను. మరియొక మాట భూస్వాములైన మా చదువరులకు చేదుగా తోచవచ్చును గాని చెప్పక తప్పదు. మడి గట్టున నిలిచి తూము కట్టువాడు చాలచోట్ల కౌలుదారు. పట్టా పాసుపుస్తకము గలవానికే ఈ సొమ్ము చేరినచో, శ్రమించినవాడు వట్టిచేతులతో మిగులును. తలకొక్కింటి న్యాయమును ప్రపంచ సభలో అడుగు మనము, మన ఊరి గట్టుమీద దానిని మరచిన యెడల ఆ వాదమునకు బలమెక్కడిది?

కావున మా సూచన ఇది. రాబోవు ఎడగారులో పెన్నా డెల్టాలోని ఒక్క పంట కాలువను ఎన్నుకొనవలెను. ఆ కాలువకు వంతు తప్పని నీటిని ప్రభుత్వము పూచీపడవలెను. రైతులును, కౌలుదారులును సంఘముగా చేరి ఆరుతడి కట్టవలెను. మిగిలిన నీరు శివారునకు ఎంత చేరెనో, వాయువు ఎంత తగ్గెనో, దిగుబడి ఎట్లుండెనో పరిశోధన కేంద్రము కొలిచి తెలుగులో ప్రకటింపవలెను. 1991లో మన శాస్త్రజ్ఞులు చేసిన పనిని ఈ పర్యాయము మన రైతులు చేయుదురుగాక. అట్టి కాగితమును చేతబట్టుకొని భారతదేశము ఏ సభలో నిలిచినను, బ్రెజిల్‌తోగాని మరి యెవరితోగాని తన్ను సరిపోల్చుటకు జంకవలసిన పని యుండదు.